కార్డు మీద రెండో పేరు: అమెరికాలో కొత్త కౌన్సెలర్ల లైసెన్సు వెనక కథ

టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో, ఏదైనా కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళితే రిసెప్షన్ బల్ల మీద విజిటింగ్ కార్డులు పేర్చి ఉంటాయి. వాటిలో కొన్నింటి మీద రెండు పేర్లుంటాయి. పైన కౌన్సెలర్ పేరు, దాని పక్కన ‘ఎల్‌పీసీ అసోసియేట్’ అని ఉంటుంది. ఎల్‌పీసీ అంటే లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్, అసోసియేట్ అంటే ఆ పూర్తి లైసెన్సుకి ముందు మెట్టు. కింద ‘ఫలానా వారి సూపర్‌విజన్‌లో’ అంటూ ఇంకొకరి పేరు. ఈ రెండో పేరు మర్యాద కోసం వేసింది కాదు, వెయ్యకపోతే రూలు తప్పినట్టే. కార్డు మీదే కాదు, వెబ్‌సైట్‌లో, బిల్లు మీద, మొదటిరోజు క్లయింటు సంతకం పెట్టే కాగితం మీద కూడా అది కనిపించాలి.

మన దగ్గర జూనియర్ లాయరు సీనియర్ ఆఫీసులో ఏళ్లకేళ్లు ఫైళ్లు మోస్తాడు. కానీ అతని సన్నదు మీద సీనియర్ పేరుండదు. హౌస్‌సర్జన్ పక్కన ప్రొఫెసర్లు ఉంటారు, అయితే అదంతా కాలేజీ గోడల లోపలి వ్యవహారం. అమెరికాలో కౌన్సెలర్ సంగతి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మాస్టర్స్ పూర్తయింది, పరీక్ష పాసయ్యారు, చేతిలో ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉంది, గది తలుపు వేసుకుని క్లయింటుతో ఒంటరిగానే కూర్చుంటారు. అయినా ఆ గదిలో జరిగేదానికి పూర్తి వృత్తి బాధ్యత గదిలో లేని ఇంకో మనిషిది. టెక్సస్ రూల్స్ ఈ మాటని ఎక్కడా దాచకుండా రాసుకున్నాయి. వ్యవస్థ బరువంతా ఆ రెండో పేరు మీదే ఉంది. ఆ మనిషి నిజంగా ఏం చూస్తున్నారో, ఏం చూడటం లేదో మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. లెక్క అడిగేది గంటల గురించే.

లైసెన్సు రాష్ట్రాల చేతిలో ఎందుకుందో ముందు చూడాలి. అమెరికాలో డాక్టరైనా, క్షురకుడైనా, కౌన్సెలరైనా లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. ప్రజల ఆరోగ్యం, భద్రత చూసుకునే అధికారం రాష్ట్రాలదన్నది అక్కడి రాజ్యాంగ సంప్రదాయం. వైద్యుల లైసెన్సు చట్టాన్ని సవాలు చేసిన డెంట్ వర్సెస్ వెస్ట్ వర్జీనియా కేసులో 1889లో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షానే తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి వృత్తుల లైసెన్సు వ్యవహారం ఎక్కడికక్కడే నడుస్తోంది. కౌన్సెలర్లు ఈ వరసలోకి చాలా ఆలస్యంగా వచ్చారు. సైకాలజిస్టుల బోర్డులు ‘మీరు చేస్తున్నది మా పనే, మా లైసెన్సు లేకుండా ఎలా చేస్తారు’ అని కౌన్సెలర్ల మీద కేసులు పెట్టే రోజుల్లో, మాది వేరే వృత్తి అని చట్టంచేత ఒప్పించుకోవాల్సి వచ్చింది. 1976లో వర్జీనియా మొదటి చట్టం చేసింది. చివరిది కాలిఫోర్నియా, 2009లో. మధ్యలో 33 ఏళ్లు! ఆ 33 ఏళ్లలో ఒక్కో రాష్ట్రం తనకి తోచిన పేరు పెట్టుకుంది, తోచిన అంకె రాసుకుంది.

అందుకే ఒకే దశలో ఉన్న మనిషిని టెక్సస్‌లో ‘అసోసియేట్’ అంటారు, వర్జీనియాలో ‘రెసిడెంట్’ అంటారు, ఫ్లోరిడాలో ‘ఇంటర్న్’ అంటారు. మాస్టర్స్ చేసి, రెండేళ్లుగా క్లయింట్లని చూస్తున్న వ్యక్తిని ‘ఇంటర్న్’ అంటే కాలేజీ పిల్లలనుకుంటారన్న బాధ ఆ వృత్తిలో ఉంది. టెక్సస్ కూడా 2020 దాకా ఇంటర్న్ అనే అనేది, తర్వాత మార్చింది. ఇల్లినాయ్‌లో ఎల్‌పీసీ అంటే ఇంకా సొంతంగా ప్రాక్టీసు చేయడానికి వీల్లేని కింది మెట్టు. అదే ఎల్‌పీసీ టెక్సస్‌లో పూర్తి లైసెన్సు. అచ్చంగా అవే మూడు అక్షరాలు! క్లయింటుకి ఈ తేడా ఎలా తెలుస్తుంది? తెలియదు.

ఇక దారి. మొదట 60 క్రెడిట్ల మాస్టర్స్. కౌన్సెలింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సీఏసీఆర్‌ఈపీ అనే సంస్థ ఒప్పుకున్న కోర్సయితే చదువులోనే 100 గంటల ప్రాక్టికమ్ (మొదటి దశ సాధన), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఆ 700 గంటల్లో క్లయింట్లతో నేరుగా గడిపేవి 280 ఉండాలి. తర్వాత జాతీయ పరీక్ష. ఇది రెండు రకాలు: ఒకటి 200 ప్రశ్నల మల్టిపుల్ చాయిస్, రెండోది కేసుల మీద నడిచేది. టెక్సస్‌లో అదనంగా రాష్ట్ర చట్టాల మీద ఒక చిన్న పరీక్ష ఉంది. సూపర్‌వైజర్‌ని వెతుక్కుని ఒప్పందం కాగితం లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డుకి పంపాక అసోసియేట్ లైసెన్సు వస్తుంది. అక్కడి నుంచి అసలు ఎక్కుడు మొదలు: 3,000 గంటల పని, అందులో 1,500 గంటలు క్లయింటుతో నేరుగా. ఎంత పరుగెత్తినా 18 నెలల కంటే ముందు ముగించడానికి లేదు. అసోసియేట్ లైసెన్సు గడువు 60 నెలలు.

ఈ 1,500 అనే అంకెని కాస్త దగ్గరగా చూడాలి. 18 నెలలంటే 78 వారాలు. అంటే వారానికి 19 గంటల పైచిలుకు, క్లయింటు ఎదురుగా కూర్చుని ఉండాలి. వినడానికి ఏముంది, సగం రోజు పనే కదా అనిపిస్తుంది. కానీ 19 మంది రావాలంటే 24, 25 మందికి అపాయింట్‌మెంట్ ఇవ్వాలి. కారు చెడిపోయిందని ఒకరు, పిల్లాడికి జ్వరమని ఒకరు, ఏమీ చెప్పకుండా ఒకరు ఎగ్గొడతారు. రాని మనిషి గంట లెక్కలోకి రాదు. థాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా డైరీలో సగం ఖాళీ. పైగా కొత్తగా చేరినవాళ్లకి మొదటి నెలలో నలుగురైదుగురు క్లయింట్లు దొరికితే గొప్ప. సగటున వారానికి 12 గంటలు పడ్డా 1,500కి 125 వారాలు పడుతుంది, అంటే దాదాపు రెండు సంవత్సరాల అయిదు నెలలు. మిగతా 1,500 గంటలు నోట్స్ రాయడం, ఫోన్లు, ట్రీట్‌మెంట్ ప్లాన్లు, మీటింగులతో తేలిగ్గానే నిండిపోతాయి. అసోసియేట్లు ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేది ఈ మొదటి సగం గురించే. ‘నీకెన్ని అయ్యాయి?’ అన్నది వాళ్ల పలకరింపు. ప్రతివారం ఎక్సెల్ షీట్‌లో గంటలు ఎక్కించడం, సూపర్‌వైజర్ సంతకం తీసుకోవడం, ఆ కాగితాల్ని స్కాన్ చేసి మూడు చోట్ల దాచుకోవడం. సూపర్‌వైజర్ ఉన్నట్టుండి చనిపోతేనో, ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోతేనో, మాటామాటా వచ్చి సంతకం పెట్టననంటేనో గంటలు గాలికి పోతాయన్న భయం అందరికీ ఉంటుంది.

గంటలు ఇంత పట్టుగా లెక్కేసే వ్యవస్థ పర్యవేక్షణ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వదులు చేస్తుంది. టెక్సస్‌లో నెలకి నాలుగు గంటల సూపర్‌విజన్ కావాలి. 18 నెలల్లో ముగించినవారికి మొత్తం 72 గంటలు. అంటే క్లయింట్లతో గడిపిన 21 గంటలకి ఒక గంట చొప్పున. అందులో సగం గ్రూపులో చేయొచ్చు. మిగిలిన సగాన్ని ‘వ్యక్తిగత’ సూపర్‌విజన్ అంటారు గానీ, రూలు ప్రకారం ఇద్దరు అసోసియేట్లు కలిసి కూర్చున్నా అది వ్యక్తిగతమే. పక్కన వర్జీనియా లెక్క పెట్టి చూడండి. అక్కడ 3,400 గంటల పనికి 200 గంటల సూపర్‌విజన్. అదే చదువు, అదే పరీక్ష, అవే దిగుళ్లతో వచ్చే మనుషులు. ఒక చోట 72 చాలు, ఇంకో చోట 200 కావాలి. ఈ రెండింట్లో ఏది సరైనదో తేల్చి ఎవరూ ఈ అంకెలు పెట్టలేదు. కమిటీ గదుల్లో, బేరసారాల్లో, పక్క వృత్తుల చట్టాల్ని చూసి కుదిరిన అంకెలివి.

ఆ గంటలో జరిగేది ఏమిటంటే, చాలావరకు కథ చెప్పడం. ఒక అసోసియేట్ మధ్యాహ్నం క్లయింటుతో మాట్లాడుతూ ఇరవయ్యో నిమిషంలో విసుగు ఆపుకోలేక, ‘ఇది మీరే తెచ్చుకున్నారు కదా’ అన్న అర్థం వచ్చేలా ఒక మాట అనేసిందనుకుందాం. క్లయింటు ముఖం మారింది. ఆ తర్వాత అరగంట మర్యాదగా మాట్లాడి వెళ్లిపోయింది. గురువారం సూపర్‌విజన్‌లో ఆ కేసు ప్రస్తావనకి వస్తుంది. ‘ఈవారం కాస్త రెసిస్టెన్స్ కనిపించింది’ అంటుంది అసోసియేట్, అంటే క్లయింటే మనసు విప్పడం లేదని. సూపర్‌వైజర్ రెసిస్టెన్స్ గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు. ఇద్దరూ నోట్స్ రాసుకుంటారు. గంట అయింది, షీట్‌లోకి ఎక్కింది. ఆ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. 1996లో నికొలస్ లడానీ బృందం శిక్షణలో ఉన్న థెరపిస్టుల్ని అడిగినప్పుడు, 97 శాతం మంది సూపర్‌వైజర్‌కి ఏదో ఒకటి చెప్పకుండా దాచామన్నారు. ఇది వాళ్ల నిజాయతీ లోపం అనుకుంటే పొరపాటు. లైసెన్సు సంతకం పెట్టే మనిషి ముందు, తాను తప్పు చేశానని వరసగా చెప్పుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ఇదంతా రికార్డింగ్ విన్నా, ఒకసారి అద్దం వెనక నిలబడి చూసినా బయటపడేదే. చదువుకునే రోజుల ప్రాక్టికమ్‌లో రికార్డింగ్‌లు వినిపించడం మామూలే. మాస్టర్స్ అయ్యాక ఆ అలవాటు పలచబడిపోతుంది. క్లయింటు రికార్డింగ్‌కి ఒప్పుకోవాలి, ఆ ఫైలు భద్రంగా దాచాలి, సూపర్‌వైజర్ సొంత టైమ్‌లో వినాలి. నెలకి నాలుగు గంటలు పూర్తయితే చాలన్నప్పుడు ఈ శ్రమ ఎవరు పడతారు? మంచి సూపర్‌వైజర్లు పడతారు. వాళ్లు లేకపోలేదు. అది వాళ్ల మంచితనమే తప్ప, ఫారంలో దానికొక గడి లేదు.

సూపర్‌వైజర్ కావడానికి టెక్సస్‌లో 60 నెలలు పూర్తి లైసెన్సుతో ఉండాలి, 40 గంటల కోర్సు చెయ్యాలి. తర్వాత ఆ మనిషి నెత్తిన మూడు టోపీలు పడతాయి. మొదటిది గురువు టోపీ. రెండోది గేటు కాపలా టోపీ: అసోసియేట్‌కి పని చేతకాదనిపిస్తే లిఖితపూర్వకంగా దిద్దుబాటు ప్లాన్ పెట్టాలి, మెరుగుపడకపోతే ముందుకి పంపకూడదు. మూడోది జామీను టోపీ: క్లయింటుకి హాని జరిగితే ఫిర్యాదు ఇద్దరి మీదా వస్తుంది. గురువుతో మనసు విప్పాలి, కాపలాదారు ముందు జాగ్రత్తగా ఉండాలి, జామీను ఉన్నవాడు తన రిస్కు తగ్గించుకోవాలని చూస్తాడు. మూడూ ఒకే మనిషైతే ఆ గదిలో మొదటి పని కుదరడం కష్టం. ఈ చట్టాల్లో అసలు చిక్కు గంటలు తక్కువా ఎక్కువా అన్నది కాదు, ఇదే.

దీని మీద డబ్బు ఇంకో పొర. ఏజెన్సీలో ఉద్యోగమైతే సూపర్‌విజన్ అక్కడే ఉచితంగా దొరకొచ్చు. అలా కాకపోతే అసోసియేట్ తన జేబులోంచి సూపర్‌వైజర్‌కి ఫీజు కట్టుకుంటారు, నెలకి వందల డాలర్లలో. టెక్సస్ రూలు ఇక్కడ ఒక గీత గీసింది: అసోసియేట్ సూపర్‌వైజర్‌ని ఉద్యోగిగా పెట్టుకోకూడదు, కానీ వెచ్చించిన సమయానికి డబ్బులివ్వొచ్చు. గీత బాగానే ఉంది. అయినా నెలనెలా డబ్బులిచ్చే మనిషిని ‘నువ్వింకా తయారుకాలేదు’ అని ఆపడం ఎంత కష్టమో ట్యూషన్ మాస్టార్లకి తెలుసు. ఇదే కత్తికి రెండో వైపు కూడా ఉంది. ఇంకో ఆరు నెలలు ఉంచితే ఇంకో ఆరు నెలల ఫీజు. రూల్స్‌లో ఒక మంచి వాక్యం ఉంది: సూపర్‌వైజర్ తన హోదా రెన్యూ చేసుకోవడం మరిచిపోయి గడువు దాటితే, ఆ తర్వాత తీసుకున్న ఫీజంతా తిరిగి ఇచ్చెయ్యాలి. డబ్బులు వస్తాయి సరే, ఆ రోజుల్లో చేసిన గంటల గతేమిటన్నది వేరే తలనొప్పి. అందుకే తెలివైన అసోసియేట్లు తమ లైసెన్సు తేదీ కంటే సూపర్‌వైజర్ లైసెన్సు తేదీనే బోర్డు వెబ్‌సైట్‌లో ఎక్కువసార్లు చూసుకుంటారు.

రెండో పేరు ఎందుకు ఉండాలో, ఉన్నా ఎందుకు చాలదో చెప్పే పాత కేసు ఒకటుంది. కౌన్సెలింగ్ చదివే ప్రతి విద్యార్థికీ ఇది మొదటి సెమిస్టర్‌లోనే తగులుతుంది. 1969 వేసవి, బర్క్‌లీలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆసుపత్రి. భారత్ నుంచి చదువుకోవడానికి వెళ్లిన ప్రొసెన్‌జిత్ పొద్దార్ అనే బెంగాలీ విద్యార్థి, తన సైకాలజిస్టు లారెన్స్ మూర్‌తో ఒక అమ్మాయిని చంపుతానన్నాడు. పేరు చెప్పకపోయినా ఎవరో తెలుస్తూనే ఉంది: టటియానా టరాసాఫ్. ఆమె అప్పుడు బ్రెజిల్‌లో ఉంది. మూర్ ఊరుకోలేదు. క్యాంపస్ పోలీసులకి నోటితో చెప్పాడు, ఉత్తరం కూడా రాశాడు. పోలీసులు పొద్దార్‌ని పట్టుకుని మాట్లాడి, మామూలుగానే ఉన్నాడు, ఆమె జోలికి పోనన్నాడు అని వదిలేశారు. అప్పుడు మూర్ పైఅధికారి, సైకియాట్రీ విభాగం అధిపతి హార్వే పొవెల్సన్ రంగంలోకి దిగాడు. ఆ ఉత్తరం వెనక్కి ఇమ్మని పోలీసుల్ని అడిగాడు. ఉత్తరం కాపీల్ని, మూర్ రాసుకున్న నోట్స్‌ని చించెయ్యమన్నాడు. పొద్దార్‌ని నిర్బంధించే ప్రయత్నాలేవీ ఇక వద్దన్నాడు. అక్టోబర్ 27న ఆ అమ్మాయి ఇంటి దగ్గరే హత్యకి గురైంది. ఆమెకి గానీ, ఆమె తల్లిదండ్రులకి గానీ అంతవరకూ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

ఈ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో ఇచ్చిన తీర్పుని అందరూ ‘హెచ్చరించాల్సిన బాధ్యత’ అని గుర్తుపెట్టుకుంటారు. క్లయింటు వల్ల ఇంకొకరికి గట్టి ముప్పు ఉందని తెలిస్తే, తెలియాల్సి ఉండి పట్టించుకోకపోతే, ఆ మనిషిని కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్నది దాని సారం. దాన్ని పర్యవేక్షణ కథగా చదివేవారు తక్కువ. ఎదురుగా కూర్చుని విన్న మనిషి ప్రమాదాన్ని పసిగట్టాడు. విననివాడు, హోదా ఉన్నవాడు, వద్దన్నాడు. పైనున్న పేరు ఎప్పుడూ కిందివాడి తప్పునే ఆపుతుందని నమ్మకం లేదు, అతని ఒప్పుని కూడా ఆపొచ్చు. ఈరోజు అసోసియేట్‌లకి చెప్పే పాఠం ‘అనుమానం వస్తే వెంటనే సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యి’ అన్నదే. మంచి పాఠమే. సూపర్‌వైజర్ ‘ఏం కాదులే’ అన్నాక కూడా గుండెల్లో గుబులు పోకపోతే ఏం చెయ్యాలో పాఠంలో స్పష్టంగా ఉండదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ కేసుని పాఠంగా చదివి పట్టా తీసుకున్న విద్యార్థి టెక్సస్‌లో అడుగుపెడితే, అక్కడ చట్టం దాదాపు తిరగబడి ఉంటుంది. 1999లో థాపర్ వర్సెస్ జెజుల్కా కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు కాలిఫోర్నియా బాటని ఒప్పుకోలేదు. ఒక పేషెంట్ తన సవతి తండ్రిని చంపాలనిపిస్తోందని సైకియాట్రిస్టుకి చెప్పి, ఆసుపత్రి నుంచి వెళ్లిన నెలలోపే చంపేసిన కేసది. టెక్సస్ చట్టం ప్రకారం ముప్పు ఉందనిపిస్తే డాక్టర్లకో పోలీసులకో చెప్పొచ్చు. చెప్పి తీరాలని లేదు. ముప్పున్న మనిషికే నేరుగా ఫోన్ చేసి చెప్పడానికి ఆ మినహాయింపులో చోటు లేదు. కాలిఫోర్నియాలో చెయ్యకపోతే తప్పయ్యేది, టెక్సస్‌లో చేస్తే గోప్యత ఉల్లంఘన కావచ్చు. రాష్ట్ర చట్టాల మీద ఆ చిన్న పరీక్ష ఎందుకు పెట్టారో, సూపర్‌వైజర్ అదే రాష్ట్రం లైసెన్సు ఉన్న మనిషే ఎందుకు కావాలో ఇక్కడ అర్థమవుతుంది. చాదస్తంగా కనిపించే రూల్స్‌లో ఇదొకటి మాత్రం నిజంగా గట్టిది.

క్లయింట్ల వైపు నుంచి చూస్తే ఇంకో చేదు నిజం కనిపిస్తుంది. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు అసోసియేట్‌ల సెషన్లకి డబ్బులివ్వవు. వృద్ధుల కోసం కేంద్రం నడిపే మెడికేర్ 2024 జనవరి 1 నుంచే కౌన్సెలర్లకి దారి తెరిచింది, అదీ పూర్తి లైసెన్సు ఉన్నవాళ్లకే, సైకాలజిస్టుకి ఇచ్చే దాంట్లో 75 శాతం రేటుకి. అసోసియేట్‌కి మిగిలేవి రెండు దారులు. ఒకటి, తక్కువ ఫీజుకి సొంత డబ్బు కట్టే క్లయింట్లు. రెండు, జీతం తక్కువ, కేసులు ఎక్కువ ఉండే కమ్యూనిటీ సెంటర్లు. ఈ రెండో చోటికి వచ్చేవాళ్లు మామూలు టెన్షన్లతో వచ్చేవాళ్లు కారు. ఇల్లు లేనివాళ్లు, మత్తుకి అలవాటుపడ్డవాళ్లు, ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినవాళ్లు. అంటే అనుభవం అందరికంటే తక్కువ ఉన్న కౌన్సెలర్ల దగ్గరికి అందరికంటే కష్టమైన కేసులు వెళుతున్నాయి. పాతిక ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల దగ్గరికి ఆఫీసులో ప్రమోషన్ రాలేదన్న దిగులు వెళుతుంది. ఎవరూ కావాలని ఇలా రాయలేదు, లైసెన్సు మెట్లూ బిల్లింగ్ రూల్సూ కలిసి ఇలా తేలాయి. కాలిఫోర్నియా ఒక విషయంలో కాస్త నయం. అక్కడ అసోసియేట్‌ని కాంట్రాక్టర్‌గా పెట్టుకోవడానికి వీల్లేదు, జీతం ఇచ్చే ఉద్యోగిగానో వాలంటీర్‌గానో ఉండాలి. కానీ అక్కడి 3,000 గంటల్లో 1,750 నేరుగా క్లయింట్లతోనే ఉండాలి, 104 వారాల కంటే ముందు ముగియకూడదు, ఆరేళ్లు దాటిన గంటలు చెల్లవు. ప్రసవం కోసం రెండేళ్లు ఆగిన అసోసియేట్‌కి ఆ చివరి రూలు ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

తెలుగువాళ్లకి ఈ కథ ఎక్కడ తగులుతుందో చూద్దాం. డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ కావాలనే కుటుంబాలు పెరుగుతున్నాయి. ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య జరిగిందాన్ని ఇంగ్లిష్‌లో చెబితే సగం ఆవిరైపోతుంది. ఆ సంగతి తెలిసి ఈ చదువులోకి వెళదామనుకునే విద్యార్థులు వీసా లెక్క ముందు చూసుకోవాలి. కంప్యూటర్స్‌లో ఎంఎస్ చేసినవాళ్లకి ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి, 12 నెలలతో పాటు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల చదువులు) కింద ఇంకో 24 నెలలు దొరుకుతుంది. కౌన్సెలింగ్ మాస్టర్స్ సాధారణంగా స్టెమ్ కిందికి రాదు, కాబట్టి ఉన్నవి 12 నెలలే. టెక్సస్ కనీస గడువు 18 నెలలు, ఫ్లోరిడాలో 100 వారాలు, కాలిఫోర్నియాలో 104 వారాలు. ఎలా మడిచినా పట్టదు. అంటే స్పాన్సర్ చేసే ఏజెన్సీ దొరకాలి, లేదా ఇంకో దారిన పని అనుమతి ఉండాలి. డిపెండెంట్ వీసా మీద ఉండి, పని అనుమతి వచ్చాక ఈ చదువు చదివిన మహిళలకి ఇంకో రకం ఇబ్బంది. భర్త ప్రాజెక్టు టెక్సస్ నుంచి వర్జీనియాకి మారితే, 2,100 గంటలు చేసిన అసోసియేట్ లైసెన్సు సామానుతో పాటు ట్రక్కులో రాదు. కొత్త రాష్ట్రంలో ‘రెసిడెంట్’గా మళ్లీ అప్లై చెయ్యాలి, పాత గంటల్లో ఎన్నింటిని ఒప్పుకుంటారో బోర్డు దయ. వీడియోలో పాత క్లయింట్లని చూద్దామన్నా కుదరదు. కౌన్సెలింగ్‌లో లెక్క క్లయింటు ఎక్కడ కూర్చున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది, అక్కడి లైసెన్సు కావాలి, దానికి తగ్గ సూపర్‌వైజర్ కావాలి.

ఈ సరిహద్దుల బాధ తగ్గించడానికే రాష్ట్రాలు కలిసి కౌన్సెలింగ్ కాంపాక్ట్ అనే ఒప్పందం చేసుకున్నాయి. 2021లో జార్జియా, మేరీల్యాండ్ ముందుగా చేరాయి. 2022లో పదో రాష్ట్రం చేరడంతో ఒప్పందం చట్టబద్ధమైంది. చేరిన రాష్ట్రాల్లో ఒక చోట లైసెన్సు ఉంటే మిగతా చోట్ల పని చేసే హక్కు దొరుకుతుంది. అయితే ఇది స్వతంత్రంగా ప్రాక్టీసు చేసే లైసెన్సు ఉన్నవాళ్లకే. ఎక్కువగా ఊళ్లు మారేది, మారితే ఎక్కువ పోగొట్టుకునేది పాతికలోనో ముప్పైలోనో ఉన్న అసోసియేట్లు. వాళ్లు ఈ ఒప్పందానికి బయటే ఉండిపోయారు.

ఇటు మన వైపు చూస్తే ‘కౌన్సెలింగ్’ అన్న మాటే వేరే దారుల్లో తిరుగుతోంది. ఇంజినీరింగ్ సీటుకి కౌన్సెలింగ్ ఉంటుంది. తాగి బండి నడిపినవాడికి పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చి పంపుతారు. భార్యాభర్తల గొడవకి స్టేషన్‌లో ఇంకో కౌన్సెలింగ్. మనసు బాగాలేని మనిషితో కూర్చుని మాట్లాడే వృత్తికి ఆ పేరు చివర్లో వచ్చి చేరింది. చట్టంలోనూ అంతే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, మెంటల్ హెల్త్ నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ల గురించి మాట్లాడింది, ఉత్త కౌన్సెలర్ ప్రత్యేకంగా అందులో లేడు. క్లినికల్ సైకాలజిస్టుల నమోదు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చూస్తుంది. కౌన్సెలర్లని బిహేవియరల్ హెల్త్ వర్గంలో చేర్చింది 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని, వాళ్లకి పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో చూపించగలిగిన శిక్షణ ఉండాలని అందులో ఉంది. ఈ లెక్కన ఆంధ్ర, తెలంగాణల్లో ఒక్క ఇంటర్ కాలేజీలకే ఎంతమంది కావాలో ఊహించుకోవచ్చు. వాళ్లలో ఎక్కువమంది నిన్నమొన్న చదువు ముగించిన కొత్తవాళ్లే అవుతారు. ‘అర్హత గల’ అన్న మాటకి అర్థం ఎవరు చెబుతారు, ‘చూపించగలిగిన’ శిక్షణని ఎవరికి చూపించాలి? రాత్రి హాస్టల్‌లో ఒక పిల్లాడు ‘నాకు బతకాలని లేదు’ అన్నప్పుడు ఆ 24 ఏళ్ల కౌన్సెలర్ ఎవరికి ఫోన్ చెయ్యాలి? ప్రిన్సిపాల్‌కా? ఆమెకి జీతం ఇచ్చేది, ఆ కాలేజీ పరువు గురించి దిగులుపడేది కూడా ఆయనే. టెక్సస్ కార్డు మీద రెండో పేరులో లోపాలెన్ని ఉన్నా, ఆ ఫోన్ ఎత్తాల్సిన మనిషి ఎవరో దాని మీద రాసి ఉంటుంది. ఇక్కడి కార్డు మీద కాలేజీ పేరుంటుంది.